హాజ్జా వగీదా గారి నలభై సెంటీమీటర్ల చక్రం

కఫ్ర్ జమ్మీజా,
రజబ్ 12

టాంటా రైలు గేటు పక్కన మోటార్లు బాగుచేసే ఉస్తా దస్సూకీ గారికి, పిండి మర రిద్వాన్ గారి భార్య హాజ్జా వగీదా సలాములు. ఇక్కడ మేమంతా దేవుడి దయవల్ల క్షేమం. మీరూ, మీ ఇంటిల్లిపాదీ, మీ దుకాణంలోని మోటార్లన్నీ క్షేమమని తలుస్తాను.

మీరు పంపిన మోటారు చేరింది. మా వారు పోయి మూడేళ్ళయింది, డీజిల్ ఇంజను కూడా ఆయన వెనకే పోయేలా ఉంది. ఊరికి కరెంటు వచ్చింది కదా అని ధైర్యం చేశాను. మా మరిది షెహాతా మాత్రం పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఖరాఖండిగా చెప్పేశాడు. "వదినా, ఈ పండక్కి కహ్క్ పిండి నీ మరలో బాగా వచ్చిందా, తాళంచెవి నీదే. రాలేదా, కాలవ అవతల హాజీ షర్నూబీకి కౌలుకిచ్చేస్తాం, నువ్వు ఇంట్లో కూర్చుని తస్బీ మాల తిప్పుకో" అన్నాడు. రంజాను ఆఖరి పది రోజుల్లో ప్రతి ఇంట్లో కహ్క్ బిస్కెట్లు చేసుకునే సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ పిండి ఏ మరలో ఆడించుకుంటే ఏడాది పొడుగునా ఆ మర గడపే తొక్కుతారు. షర్నూబీకి మర ఉంది, కిరాణా కొట్టు ఉంది, ఊరి పోస్టు కూడా ఆ కొట్లోనే ఉంది. ఇంకా నా మర ఎందుకో ఆయనకు.

మోటారుకు పుల్లీ పంపడానికి మర రాయికున్న చక్రం అడ్డకొలత అడిగారు. ఏం చక్రం లెండి, చిన్నది. ఓ నలభై సెంటీమీటర్లుంటుందేమో. రాయి కూడా అంతంతమాత్రమే. రోజుకు రెండు మూడు బస్తాలు వస్తే గొప్ప.

ఇట్లు,
మీ మేలుకోరే వగీదా

తా.క. మోటారు మీద నా పెళ్ళినాటి కుట్టుపని దుప్పటి కప్పి, నీలం పూస, చంటిపిల్లాడి పాత చెప్పు కట్టాను. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు, ఇనుమెంత.

•

టాంటా,
రజబ్ 16

మాన్యులు హాజ్జా వగీదా గారికి ఉస్తా దస్సూకీ నమస్కరించి రాసుకున్నది. ఉత్తరం అందింది. రిద్వాన్ గారు నాకు తెలుసు. ఆ కాలంలో ఆయనంత పెద్ద గొంతుతో టీ అడిగేవాడు ఈ వీధిలో లేడు. దేవుడు ఆయనను చల్లగా చూడాలి.

లెక్క వివరంగా రాస్తాను. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. పిండి మెత్తగా, చల్లగా రావాలంటే రాయి 360 తిరగాలి, అంటే మోటారులో నాలుగోవంతు. అందుకని మోటారు పుల్లీ కూడా మీ చక్రంలో నాలుగోవంతు ఉండాలి. మీ చక్రం నలభై కాబట్టి పుల్లీ పది. పుల్లీ పెద్దదైతే రాయి ఉరుకుతుంది, చిన్నదైతే పాకుతుంది. ఇంతకుమించి ఇందులో విద్య లేదు, కానీ ఈ మాట మా పక్క దుకాణం వాళ్ళతో అనకండి. పది సెంటీమీటర్ల పుల్లీ లారీ వాడి చేతికిచ్చాను.

ఇక జాగ్రత్తలు. దుప్పటి వెంటనే తీసేయండి, మోటారుకు గాలాడాలి. వెనక ఫ్యాను కంతల్లో పిండి పేరుకోకుండా రోజూ పొడిగుడ్డతో తుడవండి. బేరింగుకు ఆరునెలలకోసారి వేలెడు గ్రీజు చాలు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే కాస్త దిగాలి, అంతకంటే వదులూ వద్దు, బిగువూ వద్దు. పుల్లీ, చక్రం ఒకే వరసలో ఉన్నాయా అని ఒక దారం లాగి పట్టుకుని చూడండి. దారం రెండింటి అంచులకూ సమంగా తగలాలి.

విధేయుడు,
దస్సూకీ

తా.క. మీ ఉత్తరం కుండలో ఊరిన చీజు వాసన వేసింది. వంటింట్లో కూర్చుని రాస్తారా?

•

కఫ్ర్ జమ్మీజా,
షాబాన్ 2

ఉస్తా దస్సూకీ గారికి వగీదా రాయడమేమనగా, మేం క్షేమమే, మర క్షేమంగా లేదు.

మీ పుల్లీ బిగించాం. రాయి మధ్యాహ్నం నిద్రలేచిన ముసలాయనలా కదులుతోంది. పిండి కాదు, రవ్వ వస్తోంది. సైదా అనే ఆవిడ అర బస్తా గోధుమలు పోసి, ఇంటికెళ్ళి అన్నం వార్చుకుని తిరిగొచ్చింది, అప్పటికీ కాలేదు. "హాజ్జా, నా కూతురు పెళ్ళికైనా అందుతుందా?" అని అడిగింది. ఆమె కూతురికి నాలుగేళ్ళు.

ఇంకో చిక్కు. డీజిల్ ఇంజను పొగగొట్టం మీద మా వారు చిల్లుల డబ్బా ఒకటి తగిలించారు. అది టుక్ టుక్‌మంటే మర తెరిచారని ఊరంతా తెలిసేది. మీ మోటారుకు నోరే లేదు. మర మూసేశామనుకుని జనం కాలవ దాటి షర్నూబీ దగ్గరికి పోతున్నారు. అందుకని మా మర పనివాడు అతియ్యా వాకిట్లో కూర్చుని గరిటెతో డబ్బా వాయిస్తున్నాడు. చేయి నొప్పెడుతోందని జీతం పెంచమంటున్నాడు.

మీరు చెప్పినవన్నీ చేశాం. గ్రీజు దొరక్క గేదె నెయ్యి పెట్టాం, మంచి నెయ్యే. బొటనవేలు అన్నారు, ఎవరి బొటనవేలో రాయలేదు. అతియ్యా నొక్కితే బెల్టు నేలకానుతుంది, నేను నొక్కితే చలించదు. రాయి మీద సుద్దగీత గీసి, గడియారం పెట్టి లెక్కపెట్టాం. నిమిషానికి ఓ తొంభై తిరుగుతోందేమో, అంతే.

పండగకు ఎన్నాళ్ళో లేదు. మా మరిది దారిన పోతూ మర తలుపు వైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు నచ్చడం లేదు.

ఇట్లు,
వగీదా

తా.క. చీజు వాసన నాది కాదు, మీ ఉత్తరానిదే. మీరు కాగితం మీద పెట్టుకుని భోంచేస్తారేమో అనుకుని మర్యాదకు ఊరుకున్నాను.

•

టాంటా,
షాబాన్ 12

గౌరవనీయులైన హాజ్జా గారికి దస్సూకీ సలాము. మా ఇంట్లో నాకు ఊరిన చీజు పెట్టరు, రక్తపోటు. ఇది మనసులో పెట్టుకోండి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదట నెయ్యి సంగతి. నెయ్యి అన్నంలో వేసుకునేది, బేరింగులో కాదు. వేడికి కారిపోయి బేరింగు ఎండిపోతుంది, పైగా చీమలు పడతాయి. కిరోసిన్‌తో కడిగి, లారీలో పంపిన డబ్బాలోని గ్రీజు పెట్టండి. బొటనవేలు మీదే, మర మీది కాబట్టి. మీరు నొక్కితే వేలు లావంత దిగేదాకా బెల్టు వదులు చేయండి.

ఇక వేగం. నా లెక్క ప్రకారం మీ రాయి 360 తిరిగి తీరాలి. మీరు తొంభై అంటున్నారు. ముప్ఫై ఏళ్ళుగా లెక్క నన్ను మోసం చేయలేదు. కానీ హజ్ చేసి వచ్చిన మనిషి అంకె తప్పు చెబుతుందని అనడానికి నాకు నోరు రాదు, కనక లెక్కదే తప్పు. తొంభైని 360 చేయాలంటే వేగం నాలుగు రెట్లు కావాలి. పుల్లీ కూడా నాలుగు రెట్లు, అంటే నలభై. ఇంత పెద్ద పుల్లీ పిండి మర మోటారుకు నేనెప్పుడూ వేయలేదు. దాన్ని చూసి మా పక్క దుకాణం వాడు "బండి చక్రం చేస్తున్నావా?" అని నవ్వాడు. నవ్వనీయండి. దీంతో మీ రాయి సరిగ్గా తిరగకపోతే మీసం తీయించుకుంటానని వాడి ముందే అన్నాను. పుల్లీ వారంలో తయారవుతుంది, లారీలో పంపుతాను.

విధేయుడు,
దస్సూకీ

తా.క. మీ ఉత్తరం నాకు చేరడానికి ఎనిమిది రోజులు పట్టింది. మీ ఊరి నుంచి గాడిద మీద బయల్దేరినా సాయంత్రానికి టాంటా చేరతారు. దారిలో ఎక్కడ విశ్రాంతి తీసుకుంటోందో.

•

కఫ్ర్ జమ్మీజా,
షాబాన్ 25

బంగారు చేతుల ఉస్తా దస్సూకీ గారికి హాజ్జా వగీదా వేవేల సలాములు.

మీ నలభై పుల్లీ బిగించాం. ఏం చెప్పను నాయనా. పిండి పట్టులా జారుతోంది. రాయి పెళ్ళికొడుకులా తిరుగుతోంది. డెల్టా మొత్తంలో ఇంత గొప్ప మర ఇంకోటి ఉండదు. ఈ నలభై పుల్లీ ఉంటే గంటకు పది బస్తాలు నవ్వుతూ ఆడించొచ్చు. షర్నూబీ తన పాత ఇంజను నమ్ముకుని ఉంటే ఈ పండక్కి ఆయన మరలో పిల్లులు పడుకుంటాయి. ఆయన కూడా ఇలాంటి పుల్లీ వేయించుకుంటే మాత్రం నా పని అయిపోయినట్టే. కానీ ఆయనకు ఎలా తెలుస్తుంది.

మీ మీసం పదికాలాలు చల్లగా ఉండాలి.

ఎంతో సంతోషంతో,
వగీదా

తా.క. నలభై. మరిచిపోకండి, నలభై.

•

టాంటా,
రంజాన్ 6
(అతియ్యా చేతికిచ్చి పంపినది)

హాజ్జా వగీదా గారికి దస్సూకీ రాయునది. ఉపవాసం ఉండి కోపం తెచ్చుకోకూడదు, అందుకని నెమ్మదిగా రాస్తున్నాను.

మీ పట్టు పిండి ఉత్తరం చూసి పొంగిపోయి పక్క దుకాణం వాడికి చదివి వినిపించాను. చదువుతుంటేనే నాకు అనుమానం వచ్చింది. మీరు ఇంతకుముందు దేన్నీ బాగుందని రాయలేదు. మీ చక్రం చిన్నది, రాయి అంతంతమాత్రం, బస్తాలు రెండు మూడు. దిష్టి తగలకుండా మాషా అల్లా అని కూడా అనకుండా ఒక్కసారిగా డెల్టా మొత్తంలో అని ఎలా రాశారా అనుకున్నాను.

ఆ మర్నాడే మీ అతియ్యా వచ్చాడు. జేబులోంచి మధ్యలో ముడి వేసిన దారం తీసి బల్ల మీద పెట్టి, "మర చక్రం చుట్టూ తిప్పాం. ముడి దాకా ఒక చుట్టు. అంకె మాత్రం హాజ్జా చెప్పొద్దంది" అన్నాడు. ముడివేసిన దారం చూసి మా ఆవిడ ఎవరో చేతబడి చేయించారని కేక పెట్టి దుకాణమంతా ఉప్పు చల్లింది. ఉప్పు ఊడ్చుకుని దారం కొలిచాను. చుట్టుకొలత 251. అంటే అడ్డకొలత ఎనభై. నలభై కాదు హాజ్జా, ఎనభై.

ఎనభై చక్రానికి మొదటి పుల్లీతో రాయి 180 తిరిగి ఉండాలి, మీరు తొంభై అని రాశారు. రెండోదానితో 720 తిరుగుతుంది. అది పిండి ఆడించడం కాదు, పిండిని కాల్చడం. మోటారు కూడా మోయలేదు. మరి పట్టు ఎక్కడిది? ఉత్తరాన్ని నమ్మనా, దారాన్ని నమ్మనా? ఉత్తరం నిజమైతే నా మీసం ఉంటుంది, దారం నిజమైతే పోతుంది. అతియ్యాను అడిగితే పైకప్పు చూశాడు. నా మటుకు నేను దారాన్నే నమ్మి ఎనభైలో నాలుగోవంతు, ఇరవై పుల్లీ, వాడితోనే పంపుతున్నాను. ఇది బిగించండి.

ఇంకొక్క సంగతి చెప్పి తీరాలి. మీ ఉత్తరం నాకు అందడానికి రెండు రోజుల ముందు మీ ఊరి నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, "హాజ్జాకు ఇచ్చిన మోటారే, అదే నలభై పుల్లీ" కావాలన్నాడు. మీ చక్రం ఎంత అని అడిగితే, "ఇచ్చింది ఇవ్వవయ్యా, పాఠాలు వద్దు" అని కసిరాడు. ఇచ్చాను. రసీదు మీద సంతకం చూస్తే షర్నూబీ. నా వల్ల మీకు నష్టం జరిగితే క్షమించండి. మీ పుల్లీ బాగా పనిచేస్తోందని నాకంటే ముందు ఆయనకు ఎలా తెలిసిందో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

అయోమయంలో ఉన్న,
దస్సూకీ

తా.క. ఆయన వెళ్ళాక కూడా దుకాణంలో గంటసేపు ఊరిన చీజు వాసన పోలేదు.

•

కఫ్ర్ జమ్మీజా,
రంజాన్ 26

మా ఉస్తా దస్సూకీ గారికి హాజ్జా వగీదా సలాములు. మేం క్షేమం. మర కూడా క్షేమం. తాళంచెవి నా మెడలోనే ఉంది.

ముందు తప్పు ఒప్పుకుంటాను. మూడేళ్ళ కిందట కాఫీ అంగట్లో ఎవరో అడిగితే, మా వారు చేతులు బార్లా చాపి, మా చక్రం ఎనభై, రోజుకు ముప్ఫై బస్తాలు అని నలుగురిలో గొప్పగా చెప్పారు. ఆ వారమే మంచం పట్టారు, మళ్ళీ లేవలేదు. మీరు నవ్వుతారు, డాక్టరు గుండె అన్నాడు. నవ్వండి. ఆ రోజు నుంచీ ఆ మరలో దేనికీ నిజం అంకె నా నోట రాలేదు, చేత్తో రాయలేకపోయాను. రాయి 180 తిరిగితే తొంభై అని రాసింది అందుకే. పాపం మీరు లెక్కను తప్పుబట్టి నన్ను నమ్మారు. అది చదివి నాకు నిజంగా సిగ్గేసింది. మీసం ఉంచుకోండి, తీయించుకోవాల్సి వస్తే నేను తీయించుకోవాలి, నాకు లేదు.

నలభై పుల్లీ తెల్లవారుజామున తలుపులు మూసి బిగించాం, నేనూ అతియ్యా తప్ప ఎవరూ లేరు. మీట వేయగానే రాయి లేచిపోతుందేమో అనిపించింది. పిండి పొగలు కక్కుతూ వచ్చింది, ముద్ద చేస్తే అంటుకోలేదు. మూడు నిమిషాల్లో స్టార్టరు దానంతటదే పడిపోయి మోటారు ఆగింది. అతియ్యా నెత్తి నుంచి కాళ్ళ దాకా పంచదార అద్దిన కహ్క్‌లా ఉన్నాడు. నేను బస్తాల మీద కూర్చుని ఏడ్చాను. అప్పుడు గుర్తొచ్చింది. పుల్లీ గురించి మీరు రాసిన ఉత్తరం తెచ్చుకోవడానికి పోస్టుకు వెళ్ళినప్పుడు షర్నూబీ కవరు చేతికిస్తూ, "నలభై పుల్లీ ఎప్పుడొస్తుందట హాజ్జా?" అని అడిగాడు. కవరు అంటించే ఉంది. నేనింకా చదవలేదు. ఆయన కవరు పట్టుకున్న చోట చీజు మరక ఉంది.

మూడేళ్ళుగా నేను భయపడిన దిష్టికన్ను అదేనని అప్పుడు తెలిసింది. దానికి కళ్ళజోడు కూడా ఉంది. కన్నీళ్ళు తుడుచుకుని ఉత్తరం రాశాను. ఉస్తా, ఆ పట్టు పిండి ఉత్తరం మీకు రాసింది కాదు. మీ పేరు కవరు మీదా, సలాముల్లోనూ మాత్రమే ఉంది. మీకు రాసింది ఆ దారం.

షర్నూబీ మరా మా మరా ఒకే ఏడాది ఒకే పనివాడు చేసినవి, చక్రాలు కవలలు. ఇరవయ్యో తేదీన షర్నూబీ ఊళ్ళో ఆడవాళ్ళందరినీ గోధుమల పళ్ళేలతో రమ్మన్నాడు. పెద్దమనుషులకు కుర్చీలు వేయించాడు, ముందు కుర్చీలో మా మరిది షెహాతా. మీట వేశారు. స్టార్టరు పడిపోతుంటే పడకుండా చెక్క అడ్డం పెట్టాడట. తర్వాత వాసన వచ్చింది, ఈసారి చీజుది కాదు. మా మరిది కొత్త గలాబియ్యా అంగీ వేసుకుని వెళ్ళినవాడు, కళ్ళు మాత్రమే కనపడుతూ బయటికొచ్చాడు. సరిగ్గా అప్పుడే అతియ్యా మా వాకిట్లో డబ్బా వాయించాడు. ఆడవాళ్ళంతా పళ్ళేలు నెత్తిన పెట్టుకుని వంతెన దాటి వచ్చేశారు. మీ ఇరవై పుల్లీతో చల్లటి మెత్తటి పిండి వచ్చింది. మా మరిది ముఖం కడుక్కుని వచ్చి తన ఇంటి గోధుమలు కూడా వరసలో పెట్టి, "వదినా, నా వంతు ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. ఎప్పుడొస్తే అప్పుడే అన్నాను.

ఎన్ని బస్తాలు ఆడించామని అడగకండి. రెండో మూడో. అతియ్యా నడుం ఇంకా నిటారు కాలేదు, మీరే ఊహించుకోండి. మీ ఇంటికి కొన్ని కహ్క్ పంపుతున్నాను, మీ ఆవిడను లెక్కపెట్టవద్దనండి. కాలిపోయిన మోటారు ఒకటి చుట్టించుకోవడానికి త్వరలో మీ దగ్గరికే వస్తుంది. మంచి మనసుతో చుట్టండి, పండగ రోజులు.

ఇట్లు,
చక్రం ఎనభై ఉన్న వగీదా

తా.క. ఈ ఉత్తరం అతియ్యా చేతికి ఇవ్వలేదు, కావాలనే పోస్టులో వేశాను. కనక ఈ కింది నాలుగు ముక్కలు మీకు కాదు.

హాజీ షర్నూబీ గారూ, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోకండి, ఇంకెవరూ చూడటం లేదు. మీ చక్రానికి కావలసింది ఇరవై పుల్లీ. మోటారుకు గాలాడనీయండి, ఆ చెక్క పొయ్యిలో పెట్టండి. మీ ఇంటావిడ నిన్న ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని తెచ్చిన గోధుమలు ఆడించి ఉంచాను, మీరే వచ్చి తీసుకెళ్ళండి. ఇక ఈ కవరు మళ్ళీ అంటించేముందు దయచేసి చేతులు కడుక్కోండి. ఉస్తా గారికి రక్తపోటు.